చవక ఆల్బమ్‌లో నాణేలు ఎందుకు పచ్చబడతాయి? భద్రమైన హోల్డర్ల ఎంపికపై విశ్లేషణ

సంక్షిప్తంగా: నాణేన్ని పాడుచేసేది హోల్డర్ ధర కాదు, దాన్ని చేసిన పదార్థం. మెత్తని పీవీసీ పాకెట్లు కొన్నేళ్లలోనే నాణెం మీద జిగురునూ చిలుమునూ వదులుతాయి. పాలిస్టర్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు, పాలీప్రొపిలీన్ పేజీలు తక్కువ ఖర్చులోనే ఎక్కువ నాణేలకు సరిపోతాయి. గట్టి క్యాప్సూళ్లు కొన్నిటికే అవసరం. హైదరాబాద్ వానాకాలపు తేమను అదుపు చేయకపోతే ఎంత ఖరీదైన హోల్డరూ పూర్తిగా కాపాడలేదు.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఎన్టీఆర్ శతజయంతి స్మారకంగా రూ.100 నాణేన్ని విడుదల చేశారు. హైదరాబాద్ మింట్‌లో (టంకశాలలో) తయారైన ఆ నాణెం, అంతకుముందు నాణేల సేకరణ జోలికి పోని తెలుగు ఇళ్లలోకి కూడా చేరింది. అందులో వెండి 50 శాతం, రాగి 40 శాతం, నికెల్ 5, జింక్ 5 శాతం ఉన్నాయి. అంటే వెండికి పట్టే నలుపు, రాగికి పట్టే చిలుము రెండూ దానికి పట్టగలవు. ఎక్కడ దాచాలి, దేనిలో దాచాలి అన్న ప్రశ్న ఆ ఒక్క నాణెంతో ఆగదు. తాతల నాటి నిజాం రూపాయిలు, డబ్బీలో పోగుపడిన పాత పైసలు, పిల్లలు ఏరి పెట్టుకున్న పది రూపాయల నాణేలు, అన్నిటికీ అదే ప్రశ్న.

బజారులో జవాబు సులువుగానే దొరుకుతున్నట్టు కనిపిస్తుంది. బేగంబజార్ ప్లాస్టిక్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కాయిన్ ఆల్బమ్ పేరుతో రకరకాల సరుకు ఉంది. మెత్తగా, అద్దంలా మెరిసే పాకెట్లున్న ఆల్బమే అన్నిటికంటే చవక. చూడటానికి కూడా అదే బాగుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

## మెత్తని పీవీసీలో జరిగేది

పీవీసీ స్వభావరీత్యా గట్టి పదార్థం. ఇంటి గోడల వెంట నీళ్ల పైపులుగా కనిపించేది అదే. దాన్ని పాకెట్లా వంగేలా చేయాలంటే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి రసాయనం కలపాలి. మెత్తని పీవీసీ బరువులో మూడో వంతు దాకా ఈ నూనే ఉండవచ్చు. అది ప్లాస్టిక్‌తో రసాయనికంగా కలిసిపోదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే. కాలం గడిచేకొద్దీ పైకి ఊరి, ఆనుకుని ఉన్న నాణెం మీద పల్చని జిడ్డు పొరగా దిగుతుంది.

రెండో ముప్పు ఇంకా పెద్దది. పీవీసీ అణువులో బరువు ప్రకారం సగానికి పైగా క్లోరిన్ ఉంటుంది. వేడికి, వెలుతురుకు ఆ ప్లాస్టిక్ మెల్లగా విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది. గాలిలోని తేమ తగలగానే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం రాగిని పట్టుకుంటే పుట్టేది ఆకుపచ్చని రాగి క్లోరైడ్.

వెండి నాణెం కూడా పచ్చబడటం చూసి చాలామంది అది నకిలీ అని కంగారు పడతారు. అది సరికాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయిలో వెండి సుమారు 82 శాతమే, మిగతాది ముఖ్యంగా రాగి. బ్రిటిష్ ఇండియా రూపాయిలో చాలాకాలం 91.7 శాతం వెండి ఉండేది, 1940లో సగానికి పడిపోయింది. ఆమ్లం ముందుగా ఆ రాగి మీదికే వెళుతుంది కాబట్టి వెండి రూపాయి మీద పచ్చదనం కనబడటం సహజం.

ఈ నష్టం ఒక క్రమంలో సాగుతుంది. మొదట నాణెం మీద ఆవిరి పట్టినట్టు మసక కమ్ముతుంది. తర్వాత అక్షరాల సందుల్లో, అంచు వెంబడి ఆకుపచ్చని జిగురు కనిపిస్తుంది. చివరికి లోహమే గుంటలు పడుతుంది. మొదటి రెండు దశల్లో నాణేన్ని దాదాపు పూర్తిగా కాపాడుకోవచ్చు. మూడో దశలో పోయిన లోహం తిరిగి రాదు.

## కొనే ముందు గుర్తుపట్టడం

పాకెట్ మీద ఏ పదార్థమో రాసి ఉంటే పని సులువు. పాలిస్టర్, మైలార్, పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్, పాలీస్టైరీన్, యాక్రిలిక్ అన్న పేర్లలో ఏది ఉన్నా నిశ్చింతే. వినైల్ అని ఉంటే పక్కన పెట్టేయాలి. త్రికోణంలో అంకె ముద్రించి ఉంటే 3 పీవీసీకి గుర్తు. 1 పాలిస్టర్ కుటుంబం, 2, 4 పాలీఎథిలీన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్. ఆమ్లరహితం అన్న మాట మాత్రం చాలదు. అది ఎక్కువగా అట్టకూ కాగితానికీ సంబంధించిన హామీ, అదే పేజీకి పీవీసీ కిటికీ ఉండకూడదని నియమమేమీ లేదు.

ఏమీ రాసి లేని సరుకే ఎక్కువ కాబట్టి ముక్కునూ చేతినీ నమ్ముకోవాల్సి వస్తుంది. కొత్త రెయిన్‌కోటు విప్పినప్పుడు వచ్చే ఘాటైన వాసన ఆల్బమ్ తెరవగానే వస్తే అది దాదాపు పీవీసీయే. చేతికి మెత్తగా, కాస్త అంటుకున్నట్టుగా ఉండి కంటికి స్ఫటికంలా కనబడటం మరో గుర్తు. పాలిస్టర్ కూడా అంతే తేటగా ఉంటుంది కానీ గట్టిగా, నలిపితే గరగరమంటుంది. జిప్ కవర్ల పాలీఎథిలీన్ మెత్తగానే ఉంటుంది, అయితే దాని రంగు కాస్త పాలవన్నెలో ఉంటుంది. మెత్తదనాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదని ఇందుకే.

ఇంట్లో చేసుకోదగ్గ తేలిక పరీక్ష ఒకటుంది. పాకెట్ అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, గిన్నెలు తోమే ద్రావణం ఒక చుక్క కలిపిన నీళ్లలో ముంచి, బుడగలు పోయాక వదలాలి. పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలుతాయి. పీవీసీ మునుగుతుంది. తేలితే అది పీవీసీ కాదని ఖాయంగా చెప్పవచ్చు. మునిగితే మాత్రం తేల్చలేం, ఎందుకంటే భద్రమైన పాలిస్టరూ పాలీస్టైరీనూ కూడా మునుగుతాయి.

అప్పుడు పనికొచ్చేది రాగితీగ పరీక్ష. రాగితీగ కొసను మంటలో పెట్టి, మంటలో ఏ రంగూ కనిపించకుండా పోయేదాకా కాల్చాలి. ఎర్రగా కాలిన కొసను ప్లాస్టిక్ ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉన్నప్పుడు మంట పచ్చగా మెరుస్తుంది. వెలువడే పొగ మంచిది కాదు కాబట్టి ఆరుబయట, గోరంత ముక్కతో, పిల్లలు దగ్గర లేనప్పుడే చేయాలి. వంటింటి స్టవ్ మీద చేయదగ్గ పని కాదు.

## ఏ హోల్డర్ ఎవరికి

సేకరణలో అత్యధిక భాగానికి సరిపోయేది అట్ట హోల్డర్. రెండు అంగుళాల చదరపు అట్ట, మధ్యలో గుండ్రని రంధ్రం, దానికి పాలిస్టర్ కిటికీ. మధ్యకు మడిచి, నాణెం లోపల పెట్టి మూసి, స్టేపుల్ పిన్నులు కొట్టడమే. నాణెం రెండు వైపులా కనిపిస్తుంది, ఏ సంవత్సరం, ఏ మింట్ అన్నది అట్ట మీదే రాసుకోవచ్చు. హైదరాబాద్ మింట్ గుర్తయిన నక్షత్రం ఉన్న నాణేలను విడిగా పోగుచేసేవారికి ఈ రాత చాలా ఉపయోగం.

దీని బలహీనత స్టేపుల్ పిన్ను. ఉబ్బెత్తుగా మిగిలిపోయిన పిన్ను పక్క హోల్డర్‌లోని నాణేన్ని గీకుతుంది, వానాకాలంలో తుప్పు పట్టి గోధుమరంగు మరక చేస్తుంది. పిన్నులను కటింగ్ ప్లయర్‌తో చదునుగా నొక్కాలి. నాణేన్ని తీసేటప్పుడు పిన్ను లాగితే దాని మొన కిటికీని చీల్చి నాణెం మీద గీత పెడుతుంది. అట్టను కత్తెరతో కోసి తీయడం మేలు, పోయేది ఒక్క హోల్డరే. జిగురుతో అంటుకునే రకంలో పిన్నుల బెడద లేదు, కాకపోతే ధర కాస్త ఎక్కువ, జిగురు నాణేనికి తగలకుండా మూయాలి.

కొలతల విషయంలో తొందరపడితే డబ్బు వృథా. సాధారణంగా దొరికే రంధ్రాల సైజులు 17.5, 20, 22.5, 25, 27.5, 30, 32.5, 35, 39.5 మిల్లీమీటర్లు. 2011లో మొదలై 2018 దాకా వచ్చిన సిరీస్ నాణేల్లో రూపాయి వ్యాసం 22 మి.మీ., రెండు రూపాయలది 25, ఐదు రూపాయలది 23, పది రూపాయలది 27. కాబట్టి ఆ సిరీస్‌లో రూపాయికి 22.5, ఐదుకు 25, రెండుకూ పదికీ 27.5 సైజు సరిపోతుంది. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి 30.5 మి.మీ., దానికి 32.5 కావాలి. ఎన్టీఆర్ నాణెం వంటి 44 మి.మీ. స్మారక నాణేలు ఈ అట్టల్లో పట్టవు, వాటికి క్యాప్సూలే దారి. పాత చదరపు ఐదు పైసలు, ఆరు పలకల మూడు పైసలు, అంచులు అలలుగా ఉన్న పది పైసల వంటివాటికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న దూరాన్ని కొలవాలి. పక్క కొలతతో కొంటే మూలలు అట్టకింద ఇరుక్కుంటాయి.

ఈ హోల్డర్లను అమర్చుకునే 20 పాకెట్ల పేజీ విషయంలో పాత పొరపాటే మళ్లీ జరిగే అవకాశం ఉంది. లోపలి హోల్డర్ పాలిస్టర్‌దే కదా అని పేజీ పీవీసీది కొంటే, దాని ఆవిరి అట్ట అంచుల సందుల్లోంచి లోపలికి పోతుంది. పేజీ కూడా పాలీప్రొపిలీన్‌దే కావాలి.

క్యాప్సూల్ అంటే యాక్రిలిక్‌తోనో పాలీస్టైరీన్‌తోనో చేసిన గట్టి గుండ్రని డబ్బీ. రాపిడి, గీతలు, వేలిముద్రల నుంచి దీనంత కాపుదల మరొకటి ఇవ్వదు. నాణెం సైజుకు సరిగ్గా సరిపోవాలి. వదులైతే లోపల కదిలి అంచు అరుగుతుంది, బిగుతైతే మూసేటప్పుడే దెబ్బ తగులుతుంది. ఒకే సైజు క్యాప్సూల్‌లో స్పాంజి రింగు పెట్టి చిన్న నాణేలకు అమ్మే రకంలో ఆ స్పాంజి ఏమిటో తెలుసుకోవడం అవసరం. తెల్లని పాలీఎథిలీన్ ఫోమ్ సమస్య కాదు, రబ్బరు ఫోమ్ సమస్యే.

నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థలు 1980ల రెండో సగం నుంచి సీలు చేసి ఇస్తున్న స్లాబులు, అంటే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు, నిల్వకు మంచివే. అవి గాలి పూర్తిగా చొరబడనివి మాత్రం కావు. దాచుకోవడం కోసమే అయితే గ్రేడింగ్ ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. నాణెం అసలుదని నిర్ధారించుకోవడానికో, అమ్మడానికో అయితే వేరే సంగతి.

ఒకే రకం నాణేలు పదుల్లో ఉంటే పాలీప్రొపిలీన్ ట్యూబు చాలు. దుకాణదారు ఇచ్చే చిన్న జిప్ కవరు కొద్దికాలానికి పర్వాలేదు, కానీ ఒకే కవర్లో రెండు నాణేలు ఉంటే ఒకదాన్నొకటి గీకుతాయి.

## లోహాన్ని బట్టి ముప్పు

వెండికి శత్రువు గంధకం. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్ట, కొన్ని రకాల మఖమల్, గోధుమరంగు ప్యాకింగ్ కాగితం దీన్ని వదులుతాయి. నగల దుకాణం మఖమల్ డబ్బీలో ఏళ్ల తరబడి ఉంచిన వెండి నాణెం నల్లబడటానికి కారణం చాలాసార్లు డబ్బీయే. వరలక్ష్మీ వ్రతానికీ దీపావళికీ పూజలో పెట్టిన నాణేన్ని పసుపు కుంకుమలతోనే తిరిగి డబ్బీలో వేయడం, మరుసటేడు చింతపండుతో తోమడం రెండూ దానికి హానే. తోమిన ప్రతిసారీ నలుపుతో పాటు పైపొర వెండి కూడా పోతుంది, సేకర్తల దృష్టిలో విలువ బాగా పడిపోతుంది. పూజకు ఒక వెండి నాణేన్ని కేటాయించి, సేకరణలోని వాటిని ముట్టుకోకపోవడం మేలైన పద్ధతి.

రాగి, కంచు నాణేలు అన్నిటికంటే సున్నితం. పావు అణాలు, 1957లో దశాంశ పద్ధతితో వచ్చిన కంచు నయా పైసలు ఈ కోవలోవి. వీటికి క్లోరైడ్ తగిలి, పైన తేమ కూడా ఉంటే లేత ఆకుపచ్చ పొడి రాలడం మొదలవుతుంది. తుడిస్తే పోయి, మళ్లీ వస్తుంది. విశాఖపట్నం వంటి తీర నగరంలో సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. హైదరాబాద్‌కు ఆ బాధ లేదు, ఇక్కడ నాణెం దాకా క్లోరైడ్‌ను తెచ్చేవి ముఖ్యంగా చేతి చెమట, పీవీసీ. రెండూ మన అదుపులోవే. నాణేన్ని అంచులతో మాత్రమే పట్టుకోవాలన్న నియమం వెనుక ఉన్న కారణం కూడా ఇదే.

1960ల నుంచి వచ్చిన అల్యూమినియం పైసలు చాలా మెత్తనివి, రాసుకుంటేనే గీతలు పడతాయి. ఇప్పటి స్టెయిన్‌లెస్ స్టీల్ నాణేలకు పెద్దగా ఏమీ కాదు, వాటి మీద ఖర్చు తగ్గించుకోవచ్చు.

సీసం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తెలంగాణ నేలలో, ముఖ్యంగా కోటిలింగాల ప్రాంతంలో దొరికిన శాతవాహన నాణేల్లో సీసంతో చేసినవి ఉన్నాయి. సీసాన్ని తినేది చెక్క, ప్లైవుడ్, నాసిరకం అట్ట వదిలే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి. అది తగిలిన నాణెం మీద తెల్లని పొడి పేరుకుని, ఆకారమే చెదిరిపోతుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన నాణెం చెక్క సొరుగులో కొన్నేళ్లకే పొడికావచ్చు. ఇలాంటివాటికి చెక్కా అట్టా పనికిరావు. పాలీప్రొపిలీన్ డబ్బీ గానీ పాలిస్టర్ పాకెట్ గానీ వాడాలి.

## హైదరాబాద్ ఎండ, హైదరాబాద్ వాన

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. జూన్‌లో వానలు మొదలై సెప్టెంబరు దాకా ఉదయం వేళల్లో గాలిలో తేమ 80 శాతం పైకి పోతుంది. నాణేలకు ఈ రెండు కాలాలూ ఒకదాని తర్వాత ఒకటి రావడమే ప్రమాదకరం. వేసవి వేడి పీవీసీ విచ్ఛిన్నాన్ని వేగం చేసి వాయువును పుట్టిస్తుంది, వానాకాలపు తేమ దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. పై అంతస్తు ఫ్లాట్‌లో శ్లాబు కింది అటక, వంటింటి సజ్జ ఈ లెక్కన అన్నిటికంటే చెడ్డ చోట్లు. వానకు తడిసే బయటి గోడను ఆనించి బీరువా ఉంటే కాస్త జరపాలి.

తేమను 40 శాతం దరిదాపుల్లో ఉంచగలిగితే చాలావరకు లోహాలు నిలకడగా ఉంటాయి. ఇందుకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. రబ్బరు సీలు కాకుండా సిలికోన్ సీలు ఉన్న పాలీప్రొపిలీన్ వంటింటి డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు చాలు. సిలికా జెల్‌ను మూతలేని సొరుగులో పడేస్తే గది తేమనంతా పీల్చి కొద్ది రోజుల్లోనే నిండిపోతుంది, తర్వాత అది ఉన్నా లేనట్టే. రంగు మారే రకం కొంటే ఎప్పుడు నిండిందో తెలుస్తుంది. గింజలను సుమారు 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం దీనికి ప్రత్యామ్నాయం కాదు. దాని పిండి దుమ్ము నాణెం మీద చేరుతుంది, పురుగులొస్తాయి.

ఏసీ గదిలో చల్లబడిన నాణేన్ని వానాకాలంలో బయటికి తెస్తే చల్లని లోహం మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. డబ్బా మూత తీయకుండా కాసేపు ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు.

స్టీలు బీరువా ప్లైవుడ్ అల్మరా కంటే నయం, కారణం చెక్క ఆవిరే. ఎన్టీఆర్ నాణేన్ని చెక్కపెట్టె ప్యాకింగ్‌లోనూ అమ్మారు. ఆ పెట్టెను జ్ఞాపకంగా ఉంచుకుని, నాణేన్ని దాని క్యాప్సూల్‌తో సహా పాలీప్రొపిలీన్ డబ్బాలో పెట్టడం దీర్ఘకాలానికి మంచిది. సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించే ప్రూఫ్ నాణేలను క్యాప్సూల్ నుంచి మాత్రం తీయకూడదు, అద్దంలాంటి ఆ మెరుపు మీద ఒక్క వేలిముద్ర పడినా పోదు. బట్టల కోసం బీరువాలో వేసే కలరా ఉండలను నాణేలకు దూరంగా ఉంచాలి, వాటి ఆవిరికి పాలీస్టైరీన్ క్యాప్సూళ్లు మెత్తబడి మసకబారతాయి. బ్యాంకు లాకర్‌లో పెట్టేవారు కూడా మూత బిగుతుగా ఉన్న డబ్బా, సిలికా జెల్ తప్పకుండా వాడాలి. లాకర్ దొంగల నుంచి కాపాడుతుంది, తేమ నుంచి కాదు.

## డబ్బు ఎక్కడ పెట్టాలి

ఒక్క క్యాప్సూల్ ధరకు అట్ట హోల్డర్లు చాలానే వస్తాయి. అన్ని నాణేలకూ క్యాప్సూళ్లు కొనాలనుకుని, డబ్బు చాలక, ఈలోగా అన్నిటినీ పాత ఆల్బమ్‌లోనే వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. ముందు పీవీసీ నుంచి అన్నిటినీ బయటికి తేవడం, తర్వాత తేమ అదుపు, ఆ తర్వాతే క్యాప్సూళ్లు. ఈ వరుస తారుమారైతే పెట్టిన ఖర్చుకు ఫలితం ఉండదు.

పీవీసీ నుంచి తరలించేటప్పుడు రాగి, కంచు నాణేలతో మొదలుపెట్టి, తర్వాత వెండి, ఆపై నికెల్ కలిసిన నాణేలు, చివర్లో స్టీలు తీసుకోవచ్చు. చెలామణిలో అరిగిన నాణేలకు అట్ట హోల్డర్ చాలు. ప్రూఫ్ నాణేలు, మెరుపు తగ్గని వెండి రూపాయిలు, 44 మి.మీ. స్మారక నాణేలు క్యాప్సూల్‌కు అర్హమైనవి.

## ఇప్పటికే జిడ్డు పట్టిన నాణెం

మసక లేదా పచ్చని జిగురు దశలో ఉన్న నాణేన్ని స్వచ్ఛమైన అసిటోన్‌తో శుభ్రం చేయవచ్చు. అది ప్లాస్టిసైజర్‌ను కరిగిస్తుంది, లోహాన్ని తాకదు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో సువాసనలు, నూనెలు కలిసి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. అసిటోన్ కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, అందుకే గాజుగిన్నె తీసుకోవాలి. నాణేన్ని కొద్ది నిమిషాలు ముంచి, రుద్దకుండా తీసి, మరో గిన్నెలోని తాజా అసిటోన్‌లో కడిగి, గాలికి ఆరనివ్వాలి. ఇది త్వరగా అంటుకునే ద్రవం. కిటికీలు తెరిచి, స్టవ్‌కూ దీపానికీ దూరంగా ఈ పని చేయాలి. రంగు ముద్రించిన స్మారక నాణేల మీద దీన్ని వాడకూడదు.

అసిటోన్ తర్వాత కూడా పచ్చని గుంటలు మిగిలితే అది లోహం దెబ్బతిన్న దశ. అలాంటి నాణేన్ని మిగతావాటితో ఒకే డబ్బాలో ఉంచకుండా, విడిగా పాలిస్టర్ పాకెట్‌లో, సిలికా జెల్ ఉన్న చిన్న డబ్బాలో పెట్టి నెలకోసారి చూడాలి. పచ్చపొడి మళ్లీ రాలుతుంటే అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు. విలువైనదైతే లోహ వస్తువుల సంరక్షణలో శిక్షణ ఉన్న నిపుణులకు చూపించాలి.